నూటికి ఒక పాలు

రాగి ఆక్సైడ్ అతివాహకాల్లో ఎక్కువ భాగం ఎలక్ట్రాన్లను తీసేస్తే, అంటే రంధ్రాలు చేరిస్తే, అతివాహకాలవుతాయి. 1986లో బెడ్నార్జ్, ముల్లర్ కనుక్కున్నది ఆ కోవలోదే. మూడేళ్ల తర్వాత, 1989లో, జపాన్ శాస్త్రవేత్తలు టోకురా, తకాగి, ఉచిదా ఎదురు దారి చూపించారు. నియోడిమియం, రాగి, ఆక్సిజన్ కలిసిన పదార్థంలో ప్రతి వంద నియోడిమియం పరమాణువుల్లో ఏడెనిమిదింటి చోట సీరియం పెట్టారు. సీరియం ఒక ఎలక్ట్రాన్‌ను అదనంగా ఇస్తుంది. అది రాగి పొరల్లోకి చేరుతుంది. దాదాపు 24 కెల్విన్ దగ్గర ఆ పదార్థంలో విద్యుత్ నిరోధం సున్నా అయింది.

చిక్కు అక్కడితో మొదలైంది. కొలిమిలోంచి తీసిన స్ఫటికం, సీరియం పాలు సరిగ్గా కుదిరినా సరే, అతివాహకం కాదు. ఆక్సిజన్ దాదాపుగా లేని ఆర్గాన్ వాయువులో, 900 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా, గంటల తరబడి మళ్లీ కాల్చాలి. అప్పుడే దానికి ఆ గుణం వస్తుంది. ఆ కాల్పులో పోయే ఆక్సిజన్ చిటికెడు. ఆ చిటికెడు ఎక్కణ్ణుంచి పోతోంది, పోతూ పోతూ లోపల ఇంకేం మార్చి వెళుతోంది అన్నది ముప్పై ఏళ్లకు పైగా నలుగుతున్న ప్రశ్న.

ఈ సంవాదంలోని ఇద్దరూ నా కల్పన. స్ఫటికాలు పెంచే అక్క ఒకరు, ఆ స్ఫటికాలను న్యూట్రాన్ పుంజం ముందు పెట్టి కొలిచే తమ్ముడు ఇంకొకరు. రక్తసంబంధం లేదు, ల్యాబ్‌లో కలిసిన వరస. వాళ్ల మధ్య బల్ల మీద వేలెడంత నల్లటి స్ఫటికం ఉంది. ఇంకా ఆర్గాన్‌లో కాల్చలేదు. మూడు వారాల్లో తమ్ముడికి న్యూట్రాన్ కేంద్రంలో ఐదు రోజుల సమయం దొరికింది. అక్క వజ్రపు తీగ రంపం బయటికి తీసింది. వాళ్ల మాటల్లో వచ్చే ప్రయోగాలు, పేర్లు, ఏళ్లు మాత్రం నిజమైనవే.

తమ్ముడు: అక్కా, కోయకండి. నాకు గ్రాముల లెక్కన పదార్థం కావాలి. న్యూట్రాన్ పదార్థంలోంచి చూసీచూడనట్టు దాటిపోతుంది. పట్టుకున్న కొన్నింట్లో నియోడిమియం కొంత మింగేస్తుంది. మీరు మూడో వంతు కోసి పక్కన పెడితే నా ఐదు రోజుల పని ఏడున్నర రోజులవుతుంది. ఆ రెండున్నర రోజులు నాకెవరూ ఇవ్వరు.

అక్క: కోయకపోతే నీ ఐదు రోజుల్లో వచ్చేది దేని సంకేతమో నీకూ తెలియదు, నాకూ తెలియదు.

తమ్ముడు: ఎందుకు తెలియదు? స్ఫటికపు అమరిక చూపే లావే ఎక్స్-రే ఫోటోలో చుక్కలు సూదిమొనల్లా ఉన్నాయి. కడ్డీ చివర చిన్న ముక్క మీద సీరియం కొలిచారు, సూత్రంలోని రెండు నియోడిమియం చోట్లకు 0.15 వచ్చింది, అంటే వందకు ఏడున్నర. కాల్చాక అయస్కాంతత్వం కొలిచే స్క్విడ్‌లో పెడతాం, 24 కెల్విన్ దగ్గర ఆ సంఖ్య నిట్టనిలువున కిందికి దిగుతుంది. ఇంకేం కావాలి? అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలదా?

అక్క: కుండలో నీళ్లు మరుగుతూ మెతుకులన్నిటినీ తిప్పుతుంటాయి, అందుకే ఒక్క మెతుకు చాలు. స్ఫటికాన్ని ఎవరూ కలపరు తమ్ముడూ. అద్దాల కొలిమిలో దీపాల వెలుగంతా ఒకచోట పడి కడ్డీ కరుగుతుంది. ఆ కరిగిన మండలం గంటకు ఒక మిల్లీమీటరుకు మించకుండా నడుస్తుంది. ఈ పదార్థం నేరుగా కరిగి అదే రూపంలో గడ్డకట్టేది కాదు. రాగి ఆక్సైడ్ ఎక్కువున్న ద్రావకంలోంచి మెల్లగా బయటికి రావాలి. మొదటి రోజు ఆ ద్రావకం ఇంకా కుదురుకోలేదు. వారం తర్వాత కుదురుకుంది. మొదటి రోజు మిల్లీమీటరులో ఉన్న సీరియం వారం తర్వాతి మిల్లీమీటరులో కూడా అంతే ఉందని ఎలా అంటావు? నువ్వు కొలిపించిన 0.15 చివరి ముక్కది. 0.13కూ 0.15కూ మధ్య ఈ పదార్థం జాతకమే మారిపోతుంది. ఒకటి అయస్కాంతం, ఇంకొకటి అతివాహకం.

తమ్ముడు: ఎక్స్-రేతో పొడవునా చూద్దాం. కోయక్కర్లేదు.

అక్క: నియోడిమియం పరమాణు సంఖ్య 60, సీరియంది 58. ఎక్స్-రే కంటికి వాళ్లిద్దరూ కవల పిల్లల్లాంటివాళ్లు. సీరియం చేరేకొద్దీ నిలువు అక్షం కురచవుతుంది కాబట్టి, ఆ పొడవును బట్టి అంచనా కట్టొచ్చు. ఆ అంచనా పైపొర గురించే చెబుతుంది. లోపలి సంగతి?

తమ్ముడు: సీరియం ఘనపదార్థంలో అంత సులువుగా కదలదు, పైన ఉన్నదే లోపల ఉంటుంది.

అక్క: సీరియం విషయంలో ఒప్పుకుంటాను. ఆక్సిజన్ మాటేమిటి? అది బయటికి పోయేది ఉపరితలం గుండా. మిల్లీమీటరు మందం ముక్కకు సరిపోయిన కాల్పు నీ వేలెడు స్ఫటికానికి సరిపోదు. పైన మాడి, లోపల పలుకుగా ఉండే అన్నం ఇది. స్క్విడ్ దాన్ని పట్టుకోలేదు. చలిలో క్షేత్రం పెడితే బయటి పెంకులో పుట్టిన ప్రవాహం లోపలంతటినీ కప్పేస్తుంది. లోపల అతివాహకత లేకపోయినా సంఖ్య నూటికి నూరు చూపిస్తుంది. నిరోధం కొలిస్తే ఇంకా ఘోరం. ఒక్క సన్నని దారి దొరికినా చాలు, సున్నా వస్తుంది. క్షేత్రంలోనే చల్లబరిచి చూద్దామంటే, లోపలికి చొరబడిన క్షేత్రపు సుడులు లోపాల దగ్గర ఇరుక్కుని, మంచి స్ఫటికం కూడా తక్కువ చూపిస్తుంది. నిజం చెప్పగలిగేది ఉష్ణధారణ. అక్కడ నియోడిమియం స్పిన్‌లు చలిలో పెద్ద గుట్టగా లేచి, అతివాహకత వల్ల వచ్చే అసలు మెట్టును మింగేస్తాయి.

ఈ మాటల దగ్గర నేను అక్క పక్షమే. అతివాహకత వచ్చిందో లేదో చూసి స్ఫటికం మంచిదని తీర్పు చెప్పడం చాలా వ్యాసాల్లో అలవాటుగా సాగిపోయింది. పరివర్తన ఏ ఉష్ణోగ్రత దగ్గర మొదలైందో రాస్తారు. ఎంత వెడల్పున సాగిందో, ఎంత మందం ముక్క మీద కొలిచారో చదువరి వెతుక్కోవాలి.

తమ్ముడు: మీరు చెప్పినవన్నీ నిజమే అనుకోండి. అయినా ఆ మచ్చలున్న స్ఫటికాలతోనే ఈ రంగం నడిచింది. 1989 నాటివి పొడి ముద్దలు. అప్పుడే ఎవరైనా ‘ఏకస్ఫటికం తెండి, అంతదాకా నోరు మూసుకోండి’ అని ఉంటే?

అక్క: నోరు మూసుకోమని నేననడం లేదు. 2003 మర్చిపోయావా?

తమ్ముడు: మర్చిపోలేదు. మీరు ఎక్కడికి వస్తున్నారో తెలుసు.

అక్క: అయినా చెప్పనీ. ఆ ఏడు పెంగ్‌చెంగ్ డై బృందం నేచర్‌లో ఒక వ్యాసం వేసింది. సీరియం 0.15 ఉన్న అతివాహక స్ఫటికాన్ని అయస్కాంత క్షేత్రంలో పెట్టి న్యూట్రాన్లు పంపారు. అతివాహకత బలహీనపడుతుంటే, రాగి స్పిన్‌లు ఎదురెదురు వరసలో నిలబడితే ఎక్కడ కనిపించాలో అక్కడే సంకేతం పెరిగింది. అతివాహకత కింద దాగి ఉన్న పోటీ స్థితి ఇదేనన్నారు. చదివితే ఒళ్లు పులకరించే ఫలితం. అదే ఏడు స్టాన్‌ఫర్డ్‌లో గ్రెవెన్ బృందం, మాంగ్ ముందుండి, జవాబు రాసింది. ఆర్గాన్‌లో కాల్చినప్పుడు స్ఫటికంలో నూటికి ఒక పాలు విరిగిపోయి, రాగి లేని నియోడిమియం ఆక్సైడ్‌గా మారుతోంది అన్నారు. మామూలుగా మలినమంటే దిక్కూ దివాణం లేని రేణువులు. అవి వలయాలుగా కనబడి తమను తాము పట్టిస్తాయి. ఇది అలా కాదు. ఘనాకారపు నియోడిమియం ఆక్సైడ్ గడి అంచు దాదాపు 11.08 ఆంగ్‌స్ట్రామ్‌లు. మన స్ఫటికం అడ్డగడి 3.95. దాన్ని రెండు రూట్ రెండుతో హెచ్చించు.

తమ్ముడు: 11.17.

అక్క: తేడా నూటికి ఒకటి కూడా లేదు. అందుకని ఆ మలినం రాగి పొరల మధ్య, 50 నుంచి 100 ఆంగ్‌స్ట్రామ్‌ల మందంతో, ఇంటి మనిషిలా వరసగా ఒదిగి కూర్చుంటుంది. దాని చుక్కలు మన స్ఫటికం చుక్కల మధ్య సరైన భిన్నాల దగ్గర పడతాయి. పైగా నియోడిమియం అయస్కాంత గుణమున్న అయాన్. క్షేత్రం పెంచితే దాని సంకేతం పెరుగుతుంది. రాగి స్పిన్‌ల వేషం వేసుకుని నీ ముందు నిలబడుతుంది.

తమ్ముడు: కథ అక్కడ ఆపేస్తే డై బృందానికి అన్యాయం. వాళ్లూ మలినం ఉందని ఒప్పుకున్నారు. అడ్డంగా గడులు కలిసినా నిలువుగా కలవవు కదా? స్ఫటికం నిలువు అక్షం 12.07, మలినానిది 11.08. నూటికి తొమ్మిది పాళ్లు తేడా. అడ్డ తలం వదిలి పైకి వెళితే మలినం చుక్క ఒకచోట, స్ఫటికం చుక్క ఇంకోచోట పడతాయి. అంతేకాదు, ఘనాకారపు మలినానికి క్షేత్రం ఏ దిక్కు నుంచి వచ్చినా ఒకటే. వాళ్లు దిక్కు మార్చితే ప్రభావం మారిందని చూపించారు. పాత ఫలితాన్ని గాలికి వదిలేయలేదు, ప్రయోగంతోనే జవాబిచ్చారు. అక్కా, ఒక్కటడుగుతాను. ఆ నూటికి ఒక పాలును కనిపెట్టింది ఎవరు? ల్యాబ్‌లో స్ఫటికాన్ని పొడి చేసి ఎక్స్-రే తీస్తే అది కనబడదు. స్ఫటికాన్ని కోయకుండా, పెద్ద ముక్కగా, న్యూట్రాన్ల ముందు, బలమైన ఎక్స్-రే పుంజం ముందు పెట్టినవాళ్లకే కనబడింది. అంటే మీ స్ఫటిక పరీక్ష చేసింది నా కొలతే!

అక్క కాసేపు మాట్లాడలేదు. తమ్ముడు చెప్పింది సరైన మాట. మనం తరచూ స్ఫటిక పరీక్షను వాకిలిగా, కొలతను గర్భగుడిగా ఊహించుకుంటాం. ఈ పదార్థంలో ఆ గడప లేదు.

అక్క: సరే, కనిపెట్టింది నీ న్యూట్రానే. మలినమని తేల్చింది మాత్రం పోలిక. కాల్చని స్ఫటికంలో ఆ చుక్కలు లేవు, కాల్చాక వచ్చాయి.

తమ్ముడు: ఆ పోలిక కూడా ఒక ఉచ్చే కదా! కాలిస్తే చుక్కలు వస్తాయి, అతివాహకతా వస్తుంది. ఆక్సిజన్‌లో మళ్లీ కాలిస్తే చుక్కలు పోతాయి, అతివాహకతా పోతుంది. రెండూ జంటగా వస్తూ పోతూ ఉంటే, ఈ చుక్కలే అతివాహకతకు మూలం అనుకున్నవాళ్లూ ఉన్నారు. మీరు మూడో వంతు కోసి కాల్చకుండా దాచిపెడితే, నాకు ఆ జంటే మళ్లీ కనబడుతుంది. విడదీసే సాక్ష్యం దొరకదు.

అక్క: అయితే దేనితో విడదీస్తావు?

తమ్ముడు: అదే పనిగా కాల్చిన, అయినా అతివాహకం కాని స్ఫటికంతో. సీరియం తక్కువున్నది. గ్రెవెన్ బృందం వాదానికి బలం వచ్చింది అక్కడే. అతివాహకత లేనిదాంట్లోనూ క్షేత్రం పెడితే అదే పెరుగుదల కనబడింది. లేని అతివాహకతను క్షేత్రం ఎలా అణచిపెడుతుంది? మీ బీరువాలో 0.10 స్ఫటికం ఉంది కదక్కా. దాన్ని నా స్ఫటికంతో పాటు ఒకే గొట్టంలో, ఒకే ఆర్గాన్‌లో కాల్చండి. నాది కోయకండి.

అక్క: నా బీరువా సంగతి నీకెలా తెలుసు?

తమ్ముడు: లేబుల్ చదివాను.

అక్క: మంచి పద్ధతే. అయినా రంపం పక్కన పెట్టను. నీకు ఇంకో ఉదాహరణ చెప్పాలి. 1993లో ఇదే పదార్థంలో అయస్కాంత క్షేత్రం ఎంత లోతుకు చొరబడుతుందో కొలిచారు. చలిలో ఆ లోతు మార్పు చాలా చదునుగా ఉంది. అంటే ఎలక్ట్రాన్ జంటలు ఎస్-తరంగ రకం, అన్ని దిక్కుల్లోనూ ఒకేలా ఉండేవి అన్నారు. మిగతా రాగి ఆక్సైడ్‌లన్నీ, కొన్ని దిక్కుల్లో జంట బలం సున్నా అయ్యే డి-తరంగం వైపు వెళుతుంటే ఎలక్ట్రాన్ల కుటుంబం వేరు కులమని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. 1996లో కూపర్ గుర్తుచేశాడు: నియోడిమియం చలిలో అయస్కాంతంగా బలపడుతుంది, అది కొలిచిన లోతును పైకి లాగుతుంది, అసలు మార్పు దాని కింద దాక్కుంటుంది. నియోడిమియం బదులు ప్రసియోడిమియం ఉన్న స్ఫటికాలతో 2000 ప్రాంతంలో చూస్తే డి-తరంగపు ఛాయ కనబడింది. అదే ఏడు సుయి, కర్ట్‌లీ మూడు స్ఫటికాల అతుకు మీద పెంచిన పలుచని పొరల ప్రయోగంతో డి-తరంగమనే తేల్చారు. స్ఫటికం తెలియకుండా కొలిస్తే ఏళ్లు అలా గడిచిపోతాయి.

తమ్ముడు: అది మీకు ఎదురు సాక్ష్యం అక్కా! ఆ నియోడిమియం మలినం కాదు. స్ఫటికంలో ఉండాల్సిన చోటే ఉంది. మీరు ఎంత శుద్ధమైన స్ఫటికం పెంచినా, ఎన్ని ముక్కలు కోసి చూసినా, ఆ పొరపాటు అలాగే జరిగేది. మచ్చలేని స్ఫటికం కూడా మనిషిని తప్పు దారి పట్టించగలదు. బయటపడేసింది పదార్థం మార్చడం.

ఇక్కడ అక్క రంపాన్ని బల్ల మీద పెట్టింది. ఆమె వాదంలో ఈ చీలిక నాకూ ముందు తోచలేదు. స్ఫటికం శుద్ధత ఒక సంగతి, ఆ స్ఫటికంలోని ప్రతి అయాన్ మన పరికరానికి ఏం చెబుతుందో తెలియడం ఇంకో సంగతి. మొదటిది ఉంటే రెండోది వచ్చేసినట్టే అనుకుంటూ వచ్చాం.

అక్క: ఒప్పుకున్నాను. మరి నేను రంపం ఎందుకు పట్టుకున్నానో కూడా విను. ఆక్సిజన్ పోవడమంటే ఏమిటో మనకింకా ఒక్క మాట మీద నిలబడే జవాబు లేదు. రాగికి నెత్తి మీద ఆక్సిజన్ లేకపోవడమే ఈ కుటుంబం గుర్తు. అయినా అక్కడ కొన్ని అదనంగా చేరి ఎలక్ట్రాన్లను చెదరగొడతాయని, కాలిస్తే అవి పోతాయని మొదట్లో అన్నారు. తర్వాత రామన్ కొలతలు చేసినవాళ్లు, సీరియం ఉన్న స్ఫటికాల్లో పోయేది రాగి పొరలోని ఆక్సిజనే అన్నారు. 2007లో డై బృందమే ఇంకో మాట చెప్పింది: పెంచిన స్ఫటికంలో రాగి కొంచెం తక్కువ, ఖాళీలు ఉంటాయి. కాల్చినప్పుడు కొన్ని పొరలు విరిగి, వాటి రాగి వెళ్లి ఆ ఖాళీలు పూడుస్తుంది. రాగి పోయిన పొరలే నీ నియోడిమియం ఆక్సైడ్.

తమ్ముడు: అంటే ఆ నూటికి ఒక పాలు మలినం కూడా కాదు. మరమ్మతు చేశాక మిగిలిన ఇటుక ముక్క.

అక్క: ఆ లెక్కన అంతే. ఇప్పుడు ఈ మూడింట్లో ఏది జరిగిందో తూకం చెబుతుందా చూడు. సూత్రానికి 0.02 ఆక్సిజన్ పోయిందనుకో. గ్రాము స్ఫటికంలో మిల్లీగ్రాము కూడా తగ్గదు, ముప్పావు మిల్లీగ్రాము. అంత సన్నని తేడా తూచినా, అది నెత్తి మీద నుంచి పోయిందా, పొరలోంచి పోయిందా, విరిగిన పొరల నుంచి పోయిందా అన్నది తూకానికి తెలియదు. పెంపకం మొదలుపెట్టక ముందే నియోడిమియం ఆక్సైడ్ పొడి గాలిలో తేమ పీల్చి బరువెక్కుతుంది. ముందు రోజు కాల్చి ఆరబెట్టకుండా తూచినవాడి స్ఫటికంలో నియోడిమియం మొదట్నుంచే తక్కువ. రాగి ఖాళీల లెక్క ఆ తప్పు మీద నిలబడుతుంది. ఈ చిన్న చిన్నవన్నీ ఎక్కడ రాసి ఉంటాయి? నా నోటుపుస్తకంలో. నీ వ్యాసంలో ఒక్క వాక్యం: ‘స్ఫటికాలను ఆర్గాన్‌లో కాల్చాము’.

తమ్ముడు: ఈసారి రెండు వాక్యాలు రాస్తాను.

అక్క: రెండు పేజీలు రాయి. 1995లో బ్రింక్‌మన్ బృందం ప్రసియోడిమియం స్ఫటికాలను అదే పదార్థపు బిళ్లల మధ్య పెట్టి కాల్చింది. స్ఫటికం విరగకుండా బలంగా కాల్చడానికి వీలైంది, సీరియం 0.04 దాకా తగ్గించినా అతివాహకత కనబడింది. జపాన్‌లో అడాచీ వాళ్లు స్ఫటికాన్ని అదే పదార్థపు పొడిలో కప్పిపెట్టి కాల్చారు. అలాంటి స్ఫటికం మీద 2016లో హోరియో వాళ్లు ఫోటో-ఎలక్ట్రాన్లతో చూస్తే, సీరియం 0.10 దగ్గర అందరూ చూస్తూ వచ్చిన అయస్కాంతపు నీడ లేనే లేదు. మనం పుస్తకాల్లో గీసుకున్న పటం, ఇక్కడిదాకా అయస్కాంతం, ఇక్కణ్ణుంచి అతివాహకం అన్నది, పదార్థానిదా, మన కాల్పుదా? నైటో, మత్సుమోటో వాళ్లయితే పలుచని పొరల్లో సీరియమే లేకుండా అతివాహకత చూపించారు.

తమ్ముడు: అటు మోటోయామా వాళ్లు 2007లో న్యూట్రాన్లతో, అసలైన అయస్కాంత వరస 0.134 దగ్గర ఆగిపోతుందని, దాని తర్వాత కనబడేది సరిగ్గా కాలని ప్రాంతాల శేషమని తేల్చారు. వాళ్లూ పెద్ద స్ఫటికాలతోనే. 2009లో జర్మనీలోని గార్షింగ్ వాళ్లు 65 టెస్లా దాకా క్షేత్రంలో నిరోధపు డోలనాలు చూశారు. ఆ డోలనాల పౌనఃపున్యాన్ని కూడా టెస్లాల్లోనే చెబుతారు. 0.15, 0.16 దగ్గర 290 టెస్లా పరిసరాల్లో చిన్న పౌనఃపున్యం, 0.17కు రాగానే దాదాపు 11,000 టెస్లా. ఎలక్ట్రాన్ల పెద్ద వలయం మొత్తం ఒక్కసారి తెరుచుకున్నట్టు. లోపల చెత్త నిండి ఉంటే ఆ డోలనాలు బతికేవే కావు. నూటికి ఒక పాలు ఉన్నా మిగతా తొంభైతొమ్మిది పాళ్లు నిజం చెప్పగలవు అక్కా.

అక్క: చెప్పగలవు. అది తెలియాలంటే ఆ ఒక్క పాలు ఎక్కడ కూర్చుందో ముందు తెలియాలి. ఇదీ నా షరతు. మూడో వంతు కోయను. రెండు చివర్ల నుంచి ఒక్కో మిల్లీమీటరు బిళ్ల తీస్తాను, సీరియం రెండు చోట్లా కొలవడానికి. నువ్వన్నట్టే 0.10 స్ఫటికాన్ని పక్కన పెట్టి, రెండింటికీ ఒకే గొట్టంలో, ఒకే కాల్పు. నువ్వు అక్కడ అడ్డ తలంలోనే ఐదు రోజులూ కూర్చోకుండా, ఒక రోజు పైకి వెళ్లి మలినం చుక్కను దాని సొంత చోట కొలిచి రా.

తమ్ముడు: ఒక రోజంటే ఐదింట్లో ఒకటి.

అక్క: అవును. తిరిగొచ్చాక నడిమి నుంచి ఒక ముక్క కోస్తాను. పెంకు ఒకటి, గర్భం ఒకటి, వేరువేరుగా స్క్విడ్‌లో పెడతాం. అవి ఒకదానికొకటి సరిపడకపోతే వ్యాసం ఆగుతుంది.

తమ్ముడు: ఎన్నాళ్లు?

అక్క: సరిపడేదాకా.

తమ్ముడు చాలాసేపు స్ఫటికాన్ని చూశాడు. వేళ్లతో ముట్టుకోలేదు, పట్టకారుతో ఒక వైపు తిప్పి, అద్దంలా మెరిసే ముఖం మీద పెన్సిల్‌తో సన్నని గీత గీశాడు. అక్క ఆ గీతను అర మిల్లీమీటరు లోపలికి జరిపింది. అతను ఏమీ అనలేదు.

అక్క: రంపం తర్వాత. ముందు తూకం వెయ్యి. నాలుగో దశాంశం దాకా రాయి, మూడు సార్లు తూచి మూడూ రాయి. 0.10ది కూడా.